‘వెలి’ యను మాట – ఏలోయ్ కథ

వీడియోగేములు సాహిత్యవిమర్శకు తగిన వస్తువులు కావని తలంచువారు మన శాఖలలో నేటికిని పెక్కురు కలరు. ఆ వివాదములోనికి నేనిచట దిగను. నన్నీ విషయమునకు ఈడ్చినది ఒక మాట. నేను బోధించుచోట తులనాత్మక సాహిత్యము చదువు విద్యార్థులు పలు భాషలవారు. ‘హొరైజన్ జీరో డాన్’ అను క్రీడలోని నాయిక ఏలోయ్‌ని గూర్చి ఎవరి భాషలో వారు నాలుగు పుటలు వ్రాయబూని, మొదటి వాక్యముననే అందఱును ఆగిపోయిరి. ఆమె ‘ఔట్‌కాస్ట్’. ఈ పదమునకు మన భాషలలో ఏమి వ్రాయవలయును?

మాటలు లేక కాదు, ఉండియే ఆగిరి. మరాఠీవారికి ‘వాళీత్ టాకణే’ కలదు. హిందీవారు ‘హుక్కా-పానీ బంద్’ అందురు; పొగను నీటిని పంచుకొనకుండుటయే అచట శిక్ష. తమిళమున ‘ఊర్ విలక్కు’, ఊరు మనుష్యుని తొలగించుట. మన ‘వెలి’ కేవలము చోటును చెప్పును. వెలుపల నుండుట యనుటయే దాని యర్థము. ఎవరు వెలుపల నుంచిరో, ఏల నుంచిరో ఆ మాటలో లేదు. అందుచేతనే అది ప్రాయశ్చిత్తముతో తీరిపోవు శిక్షకును, పుట్టుకతో వచ్చి చావుతోనైనను తీరని వెలివాడకును (శ్మశానము కూడ వేఱుగదా) ఒక్కటిగనే చెల్లుచున్నది. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయమున వసతిగృహములనుండి వెలుపలికి పంపబడిన అయిదుగురు దళిత విద్యార్థులు ఆవరణలో తాము వేసికొన్న గుడారమునకు ‘వెలివాడ’ అనియే పేరిడిరి. అది నిఘంటువులో నిద్రించు మాట కాదు.

ఆంగ్లమునను ఇట్టి తికమక యున్నది. విసరివేయుట యను అర్థముగల నార్సు పదమునుండి వచ్చిన ‘కాస్ట్’ ఒకటి. వంశము, జాతి అను అర్థముగల పోర్చుగీసు ‘కాస్టా’ నుండి వచ్చిన ‘కాస్ట్’ మఱియొకటి. ఆంగ్లలిపిలో తుది యక్షర మొకటి భేదమును చూపును. తెలుగులో వ్రాసినచో ఆ మాత్రపు భేదమును మాయమగును. ఏలోయ్ ఈ రెంటిలో ఏ వెలికి చెందినది? ఆమె యెదుగుదలను ఎట్లు తూచవలయుననునది ఈ ప్రశ్నకు చెప్పు సమాధానమును బట్టి యుండునని నా యభిప్రాయము.

ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి గెరిల్లా గేమ్స్ సంస్థ 2017లో ప్లేస్టేషన్ 4 కొఱకు వెలువరించిన ఈ క్రీడ 2020లో కంప్యూటర్లకును వచ్చినది. 2022లో దీని యుత్తరభాగము వెలువడినది. కథాకాలము నేటికి సుమారు వేయేండ్ల తరువాత. మన నాగరికత నశించినది. అమెరికా పశ్చిమభాగపు శిథిలముల నడుమ మృగాకృతిగల యంత్రములు తిరుగాడుచుండ, మనుష్యులు విల్లును బల్లెమును పట్టి తెగలుగా బ్రదుకుచుందురు. నోరా తెగలో అధికారము పెద్దతల్లులది, పూజ సర్వమాతది, మనిషికి గుర్తు తల్లి పేరు. అట్టి తెగకు, తల్లి యెవరో తెలియని యొక శిశువు పర్వతగర్భమందలి లోహద్వారము చెంత దొరకినది. వరమని యొక పెద్దతల్లి, శాపమని మఱియొకతె. తెగని తగవునకు తీర్పుగా ఆ బిడ్డను రోస్ట్ అను వెలివాని చేతిలో పెట్టిరి. ఛాందోగ్యములోని సత్యకామునికి తండ్రి తెలియడు. తల్లి తన పేరే యిచ్చి గురువు కడకు పంపినది. ఏలోయ్‌కి ఆ పేరును లేదు.

ఆఱేండ్ల పిల్ల తాను కోసిన పండ్లను తోటిపిల్లల కీయబోవును. పెద్దలు వారిని పిలిచికొని పోవుదురు. ఒక బాలుడు రాయి విసరును. అది ఆమె తలకు తగులును. ఇప్పుడు రాయి ఆమె చేతిలో నున్నది, నిర్ణయము క్రీడ నాడువాని చేతిలో నున్నది. తిరిగి వాని తలపై విసరవచ్చును. వాని చేతిలోని రెండవ రాతిని ఎగురగొట్టవచ్చును. తన రాతిని జారవిడువవచ్చును. ఏది చేసినను ఆమె వెలి తొలగదు. క్షమించిన పిల్లయు, పగతీర్చుకొన్న పిల్లయు అదే గుడిసెకు మరలిపోవలయును. వెలిని గూర్చి మనలో వ్రాసినవారు సాధారణముగా బాధితుని సౌజన్యమునకు ఫలము చూపుదురు. ఇచట అట్టి ఫలము లేకుండుట నాకు నచ్చినది.

ఆమె యోధురాలగుట బలముచేత కాదు. బాల్యమున ఒక శిథిలములో పడి, పూర్వుల పరికరమొకటి సంపాదించినది. చెవి ప్రక్కన పెట్టుకొను ఆ చిన్న వస్తువు యంత్రములు నడచు బాటను, వాని మర్మస్థానములను చూపును. ఇంటికంటె పెద్దదగు థండర్‌జా అను యంత్రమును ఎదిరించునపుడు, దాని మేనికి బిగించిన ఆయుధమును బాణముతో ఊడగొట్టి, ఆ యాయుధముతోనే దానిని కొట్టవచ్చును. చూచుట, ఓర్చుట, ఒక్కచోట కొట్టుట. ఊరికి వెలుపల నుండి ఊరిని ఏండ్లకొలది చూచినవారికి ఈ విద్య పట్టువడుటలో వింత లేదు. క్రీడలో ఆమె స్థాయి అంకెలలో పెరుగును, తొలుత 50 వఱకు, అదే యేడు వచ్చిన అనుబంధముతో 60 వఱకు. ఆ యంకెలను ఆత్మవిశ్వాసమునకు కొలతగా చూపు వ్యాసములు విద్యార్థులు నాకు ఇచ్చిరి. నేను మార్కులు తగ్గించితిని.

యౌవనమున ఆమె తెగవారి పరీక్షలో పాల్గొని గెలుచును. గెలిచినవానికి ‘బ్రేవ్’ అను బిరుదు. అది అమెరికా ఆదివాసి యోధులకు తెల్లవారు వాడిన మాట. దానిని ఈ కథకు ఎరువు తెచ్చుకొనుటను ఆక్షేపించినవారు కలరు, ఆ యాక్షేపణ న్యాయమైనదే. పరీక్ష ముగియునంతలో శత్రువులు పడి పిల్లలను చంపుదురు. ఆమెను కాపాడి రోస్ట్ మరణించును.

ఇంతవఱకు కథ సాగిన తీరు ఉత్తమము. తరువాత లోహద్వారము వచ్చును. ఏలోయ్ వేయేండ్ల క్రిందటి ఎలిజబెట్ సోబెక్ అను శాస్త్రజ్ఞురాలి దేహబీజమునుండి ఒక యంత్రమేధ పుట్టించిన బిడ్డయని, ఆ తలుపు గుర్తించునది ఆ వంశలక్షణమునేయని తేలును. ఇచట నాకు తృప్తి లేదు. రంగస్థలమున కులమడుగబడిన కర్ణునకును జన్మరహస్యము తెలిసినది. తెలిసినను అతడు పక్షము మార్చుకొనలేదు, ఆ జన్మవలన తాళపుచెవి ఏదియు పొందలేదు. ఏలోయ్‌కి పుట్టుకయే తాళపుచెవి యైనది. మొదట ఆ తలుపు తెఱచుకొనలేదనియు, చెడిన నమోదుపట్టిక బాగుపడుటకు ఆమె దేశమంతయు తిరుగవలసివచ్చెననియు చెప్పి కథను సమర్థింపవచ్చును. కాని ఎంత తిరిగినను వేఱొక వెలిపిల్లకు అది తెఱచుకొనెడిది కాదు.

ఈ లోపమును కొంతవఱకు పూరించు ఘట్టమొకటి కలదు. తలుపు తెఱచి వెలుపలికి వచ్చిన ఆమెకు నిన్నటివఱకు మాటాడని జనము మోకరిల్లును. ఆమె మండిపడును. తాను పూజకొఱకు రాలేదనియు, వారి సరిహద్దులకు ఆవల వారివంటి మనుష్యులే యున్నారనియు చెప్పి లేవనెత్తును. దైవమని మ్రొక్కుటయు మనిషిని వెలుపల నుంచుటయే యని ఆమెకు తెలిసినది. ఆమె ఆత్మవిశ్వాసమునకు నేను చూపు సాక్ష్యమిది, థండర్‌జా కాదు.

ఇక గ్రాటా యను ముసలిది. ఆమెయు వెలియే. వెలివారు తమలో తాము కూడ మాటాడరాదని తెగ నియమము. ఏలోయ్ ఎదుట నిలిచినను గ్రాటా ఆమెతో పలుకదు; తన జపమాల పోయినదని సర్వమాతకు మొఱపెట్టుకొనును, ఏలోయ్ విని వెదకి తెచ్చును. అడవిలో కాపలావాడు లేకున్నను ఆ ముసలిది నియమము తప్పదు. రోస్టును అట్టివాడే, పరీక్ష గెలిచిన పిల్ల తనతో మాటాడి ధర్మము తప్పకుండునట్లు కనబడకుండ పోవుటకు సిద్ధపడినాడు. అతని సమాధి కడకు ఆమె పోయి మాటాడుచునే యుండును. విద్యార్థులకు నేను చెప్పినది, ఏలోయ్‌కి ‘వెలి’ యని నిస్సంకోచముగా వ్రాయవచ్చునని; పరీక్షతో తీరినది గనుక. గ్రాటాకు ఏమి వ్రాయవలయునో వారు ఇంకను తేల్చుకొనలేదు. మరాఠీ విద్యార్థిని ఒకతె ఆ చోటును ఖాళీగ విడిచి పుటలు తెచ్చి యిచ్చినది.