మెత్తని పండు పంటకు పనికిరాదా?

ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో పాపా అనే చెట్టు ఉంది. మన బొప్పాయికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది సీతాఫలం కుటుంబంలోది. ఆ కుటుంబంలోని చెట్లు దాదాపు అన్నీ వేడి నేలలవే అయినా, పాపా మాత్రం ఒహాయో, కెంటకీల మంచుకాలాన్ని తట్టుకుని బతుకుతుంది. ఆకురాలు కాలం మొదట్లో దీని పండ్లు మాగుతాయి. పసుపుపచ్చని మెత్తని గుజ్జు అరటినీ మామిడినీ కలిపి తిన్నట్టుంటుంది. అమెరికాలో సహజంగా పుట్టి పెరిగిన తినే పండ్లలో ఇదే అన్నిటికన్నా పెద్దది. అయినా అక్కడి పెద్ద దుకాణాల్లో దాదాపు కనిపించదు. ఎందుకని అడిగితే అందరూ చెప్పేది ఒకటే: ‘మాగిన పండు రెండు మూడు రోజులకు మించి నిలవదు, కనుక ఇది పంటగా పనికిరాదు. ముందు గట్టి తొక్క రకం పుట్టించండి, ఆ తర్వాత మాట్లాడదాం.’

ఈ మాట పైకి సబబుగానే తోస్తుంది. కానీ తప్పు.

1916లో అమెరికన్ జెనెటిక్ అసోసియేషన్ దేశంలోకెల్లా మేలైన పాపా పండుకు బహుమతి ప్రకటించి పోటీ పెట్టింది. మంచి చెట్లు ఎక్కడున్నాయో తెలిస్తే వాటి నుంచి మేలు రకాలు తీయవచ్చన్నది ఉద్దేశం. సరిగ్గా అదే ఏడాది న్యూజెర్సీలో సాగుచేసిన బ్లూబెర్రీ తొలిసారి అమ్మకానికి వచ్చింది. అక్కడి సాగుదారు ఎలిజబెత్ వైట్ పెద్ద కాయలు కాసే అడవి పొదలను ఊరివాళ్ళకు డబ్బిచ్చి వెతికించారు. ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్ వాటిని సంకరపరిచారు. 1911లో చేతులు కలిపిన ఈ ఇద్దరూ ఐదేళ్ళలో ఒక అడవి కాయను పంటగా మార్చారు, ఆ తర్వాత కూడా పని ఆపలేదు. పాపాకు ఆ భాగ్యం దక్కలేదు. పోటీ ముగిశాక ఆ ఉత్సాహం చల్లారింది. కొద్దిమంది ఔత్సాహికులు పెంచిన తోటలు వాళ్ళ తర్వాత పట్టించుకునేవాళ్ళు లేక చెదిరిపోయాయి. ఎంచిన రకాలు చాలావరకు జాడ లేకుండా పోయాయి. పాపాను వెనక్కి నెట్టింది మెత్తదనం అనేవాళ్ళు ఈ తెగిపోయిన పనిని లెక్కలోకి తీసుకోరు.

పని సాగిన చోట ఫలితం కళ్ళెదుటే ఉంది. 1975లో వెస్ట్ వర్జీనియాలో విద్యార్థిగా ఉండగా తొలిసారి ఈ పండు రుచి చూసిన నీల్ పీటర్సన్, పాత తోటల్లో మిగిలిన చెట్లను వెతికి పట్టుకున్నారు. వాటి గింజలు తెచ్చి మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ క్షేత్రాల్లో వెయ్యికి పైగా మొక్కలు పెంచి, ఏళ్ళ తరబడి రుచి చూసి, తూచి, కొన్నిటినే ఎంచారు. షెనండోవా, సస్క్వెహానా, పొటోమాక్ వంటి నదుల పేర్లతో వచ్చిన ఆ రకాల్లో గింజల బరువు పండులో పదో వంతు కూడా ఉండదు. కెంటకీ స్టేట్ యూనివర్సిటీ 1990లో పరిశోధన మొదలుపెట్టింది. 1994 నుంచి దేశపు పాపా జన్యు సేకరణకు నిలయమై, తర్వాత అట్‌వుడ్, బెన్సన్, చాపెల్ రకాలను విడుదల చేసింది.

అడవిలో చెట్టు సరిగా కాయదు కదా అనే ఆక్షేపణ కూడా ఉంది. అది చెట్టు లోపం కాదు. పాపా వేళ్ళ నుంచి పిలకలు వేసి గుంపుగా విస్తరిస్తుంది. చూడ్డానికి పది చెట్లయినా జన్యువుల లెక్కన తరచు అవన్నీ ఒకే చెట్టు. తన పుప్పొడితో తానే కాయ పట్టడం దీనికి అరుదు. వేర్వేరు రకాల అంట్లు రెండు పక్కపక్కన నాటితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఇక నిల్వ మాట. సీతాఫలం తిని పెరిగిన మనకు ఇందులో కొత్తేమీ లేదు. పాలమూరు సీతాఫలం కూడా మాగాక నిలవదు. అయినా ఏటా హైదరాబాద్ వీధుల్లో బుట్టలకు బుట్టలు అమ్ముడవుతాయి. గుజ్జు గడ్డకట్టించి ఐస్‌క్రీమ్‌కు వాడతారు. ఒక తేడా ఉంది, దాన్ని దాచను. సీతాఫలాన్ని కళ్ళు విచ్చుకోగానే గట్టిగా ఉండగా కోసి మాగబెట్టొచ్చు. పాపాను పచ్చిగా కోస్తే సరిగా మాగదు, కాస్త మెత్తబడేదాకా ఆగాలి. అందుకే ఒకే చెట్టుకు పలుమార్లు కోత తప్పదు. కానీ అలా మెత్తబడుతుండగా కోసిన కాయ చల్లటి గదిలో మూడు వారాల దాకా ఆగుతుంది. దగ్గరి సంతకు చేరడానికి ఆ గడువు చాలు. ఒహాయోలోని ఆల్బనీలో 1999 నుంచి జరుగుతున్న పాపా పండుగకు జనం ఆ పండు కోసమే వస్తున్నారు.

గట్టి తొక్కే ముందు కావాలనేవాళ్ళు రెడ్ డెలీషియస్ ఆపిల్‌ను గుర్తుచేసుకోవాలి. ముదురు ఎరుపు కోసం, దూరప్రయాణం కోసం ఎంచుతూ పోయారు. రంగు నిలిచింది, రుచి పోయింది. దశాబ్దాలుగా అమెరికా ఆపిల్ పంటలో మొదటి స్థానంలో ఉన్న ఆ రకాన్ని 2018లో గాలా దాటేసింది. తినేవాళ్ళే దాన్ని వద్దనుకున్నారు. పాపాను ఆ దారికే పంపడమంటే, దానికున్న ఒక్క బలాన్నీ తీసి లారీకి అప్పగించడమే.

కొత్త రకాలను కొలవాల్సింది రుచితో, గుజ్జు పాలుతో, ఏటేటా నికరంగా వచ్చే కాపుతో. వాటి తర్వాతే తొక్క. అమెరికా ప్రభుత్వం సంకర పరిశోధనకు దీర్ఘకాలపు నిధులు ఇవ్వాలి, ఎందుకంటే విత్తు నుంచి తొలి కాయ చూడ్డానికే ఐదు నుంచి ఎనిమిదేళ్ళు పట్టే చెట్టును రెండేళ్ళ ప్రాజెక్టులతో బాగుచేయలేం. మేరీల్యాండ్‌లోనో ఒహాయోలోనో పెరడు ఉండి, సీతాఫలం అక్కడి చలికి బతకదని బాధపడే తెలుగువాళ్ళు పేరున్న రెండు రకాల అంట్లు తెచ్చి నాటాలి. తినేవాళ్ళు పెరిగితేనే పండించేవాళ్ళు పెరుగుతారు. వరుసగా శ్రద్ధ పెట్టాక కూడా పాపా ఓడిపోతే అప్పుడు పనికిరాదని ఒప్పుకుందాం. ఆ శ్రద్ధ మొదలై ఇంకా రెండు తరాలు కూడా కాలేదు.