షాదీ ఇలాజ్ కాదు

పాతబస్తీ జిమ్‌లల్లో తిరుగుతున్న మెఫెంటర్‌మైన్ ఇంజెక్షన్‌ని మన జవాన్ పిల్లలు ‘దవా’ అంటారు. నిజమే, దవాయే. ఆపరేషన్ టేబుల్ మీద మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే లేపడానికి డాక్టర్లు వాడేది. ఇది ఆంఫెటమైన్ ఖాందాన్‌దే. నగరంలో పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు కూడా. అయినా ‘షరాబ్ కాదు కదా, తాకత్ సూది’ అనే మాట ఆగదు. సీసా మారితే నషా నషా కాకుండా పోతుందా?

నా గొడవ పిల్లలతో కాదు, పెద్దలతో. కొడుకు ఈ సూదికో, ఎండీకో, కొకైన్‌కో పడ్డాడని తెలియగానే మన ఇండ్లల్ల వచ్చే మొదటి మాట ఒక్కటే: “షాదీ కర్ దో, సుధర్ జాయేగా.”

దిమాగ్‌లో ఏం జరుగుతుందో వినండి. ఆకలి మీద బిర్యానీ ముద్ద తిన్నా, దోస్తు ప్రేమగా పలకరించినా ఒక నరకణం డోపమైన్ వదులుతుంది. పక్క కణం మీది రిసెప్టర్లు అందుకుంటాయి. ‘ఇది బాగుంది, మళ్లీ చెయ్’ అనే పైగామ్ అది. పని కాగానే ట్రాన్స్‌పోర్టర్ అనే దర్వాజా మిగిలినదాన్ని లోపలికి లాక్కుంటుంది. కొకైన్ ఆ దర్వాజాకు అడ్డం పడుతుంది. మెథ్ ఇంకా బద్మాష్. అదే దర్వాజాలోంచి దూరి, లోపలి నిల్వనంతా తోడి, దర్వాజాను ఉల్టా నడిపిస్తుంది. రోజూ ఈ వరద వస్తుంటే దిమాగ్ రిసెప్టర్లను తగ్గించుకుంటుంది. ఇక అమ్మీ చేతి ఖిచ్డీ-ఖీమా, చెల్లె నవ్వు, ఈద్ పొద్దు ఏవీ వాడికి తాకవు. మనం ‘బేషరం’ అని తిడతాం.

2001లో అమెరికాలో నోరా వోల్కోవ్ బృందం మెథ్ మానేసినవాళ్ల మెదళ్లను స్కాన్ చేసింది. ఏడాది, ఆపైన దూరంగా ఉన్నాక ట్రాన్స్‌పోర్టర్లు చాలావరకు కోలుకున్నాయి. జ్ఞాపకం, చేతుల చురుకుదనం మాత్రం ఆ మేరకు రాలేదు. ఏడాది! మనమేమో నెల తిరగకముందే ఫంక్షన్ హాల్ బుక్ చేసి రుఖాలు పంచుతాం. జోడా పైసల గురించి రాత్రి రెండు గంటల దాకా మాట్లాడే బుజుర్గులు పిల్లాడి బీమారీ గురించి అమ్మాయివాళ్లకు ఒక్క ముక్క చెప్పరు. ‘ఖుబూల్ హై’ అనే ఆ పిల్లకు ఏం దాచామో తెలిసే హక్కు లేదా?

కొకైన్, మెథ్ లాంటి నషాలకు మందు బిళ్లతో తీరే ఇలాజ్ ఇంకా రాలేదు. కౌన్సెలింగ్, నిఘా, సబర్, నెలల తరబడి. ఎర్రగడ్డ దవాఖానా పేరెత్తితే ‘పాగల్‌ఖానా’ అని నవ్వే మనమే తావీజ్‌కు వేలు పోస్తాం.

కేసు అవుతుందని ఖౌఫా? 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న మోతాదు దొరికినందుకో కేసైన బానిస, తనంతట తానే ముందుకొచ్చి సర్కారు గుర్తించిన చోట ఇలాజ్ పూర్తి చేస్తే ముఖద్దమా నుంచి రక్షణ దొరుకుతుంది. అమ్మేవాడికి దొరకదు. టెలీమానస్ నంబరు 14416, పైసా ఖర్చు లేదు.

రుఖాలు ఛాపించడానికి ఇచ్చేశారా? ఫోన్ చేసి ఆపండి. అడ్వాన్స్ పోతే పోనీయండి.