తారు పట్టని చుట్ట

చుట్ట కాల్చడం కూడ ఒక కళయేనని వాదించే పెద్దలు మనలో లేకపోలేదు. అడిగినచో వారు తారు పట్టకుండ కాల్చే మెలకువలు వరుసగా చెప్పగలరు. ఆకు చెమ్మగా ఉండరాదు. ఈనె తీసి, గాలి ఆడేటట్లు చుట్టవలెను. ఆత్రపడి లాగక, నిమిషానికొక దమ్ము చొప్పున తీరికగా పీల్చవలెను. నడుమ నడుమ చుట్టలోనికి మెల్లగా ఊది, నిలిచిన పొగను వెలికి పంపవలెను. మూడవ వంతు మిగిలి ఉండగనే పారవేయవలెను. లంకపొగాకు చుట్టలు స్వయంగా చుట్టుకొనే మా మేనమామగారు ఈ నియమాలను సంధ్యావందనమంత నిష్ఠతో పాటించేవారు.

ఈ మెలకువలు అబద్ధాలు కావు. పొగ చుట్ట పొడవునా సాగి చల్లబడేటప్పుడు అందులోని నల్లని జిగురు ఆకులో పేరుకొంటుంది. చుట్ట కురచ అయినకొద్దీ ఆ జిగురే మరల వేడెక్కి నోటికి చేరుతుంది. పీక చేదెక్కడానికి కారణమిదే. తీరికగా పీల్చినవానికి చేదు తగ్గుతుంది. కాని చేదు తగ్గడం వేరు, హాని తొలగడం వేరు. పొగ కణాలలోనుండి నీటిని, నికొటినును మినహాయించగా మిగిలేదానికే తారని పేరు. అది పొగకు అంటిన మురికి కాదు, పొగలోని భాగమే. తలగడ మార్చినంత మాత్రాన తలనొప్పి పోతుందా?

"పొగ మింగను గదా!" అని కొందరి ధైర్యం. చుట్టపొగకు క్షారగుణం హెచ్చు. అందుచేత మింగకపోయినను నికొటిను నోటిపొరల గుండా రక్తంలో చేరుతుంది. తారు నోటిలోనే మిగులుతుంది. శ్రీకాకుళం ప్రాంతంలో నిప్పుకొనను నోటిలో ఉంచుకొని అడ్డపొగ త్రాగే స్త్రీలు కలరు. పెదవి కాలకుండ, నిప్పు ఆరకుండ కాల్చడంలో వారి నేర్పు సామాన్యమైనది కాదు. అయినను ఆ జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశీలన, అడ్డపొగ అంగిలికి చేసే కీడును వెల్లడించింది. నేర్పు అంగిలిని కాపాడలేదు.

ఉపాధ్యాయులకు ఇందులో వేరొక పాఠం ఉన్నది. "కన్యాశుల్కం"లో వెంకటేశం తన గురువు వద్ద అబ్బినది చుట్ట కాల్చడమొక్కటేనని వాపోతాడు. ఏటేటా ఆ ఘట్టం చెప్పి తరగతిని నవ్విస్తాము. ఆ నవ్వులో మన పాలు ఎంతో ఆలోచించము. విద్యాలయానికి 100 గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం శాసించింది. గురువు వ్రేళ్ల నడుమ వెలిగే చుట్టకు పిల్లవాని కన్ను ఎన్ని గజాల దూరం?

నియమమొక్కటి తప్పని మా మేనమామగారు దవడపుండుతో గతించారు. ఆయన చుట్టకు పొయ్యిలోని నిప్పు తెచ్చి ఇచ్చిన పసివాణ్ణి నేనే. తారు పట్టని చుట్ట ఒక్కటే ఉన్నది: అంటించని చుట్ట.