25 లక్షల కార్డు, నాన్నగారి స్టెంటు

మేముండే ఇబ్రా మస్కట్‌కు దాదాపు రెండు గంటల దూరం. ఇక్కడ ఒమానీలకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం దాదాపు ఉచితం. మాకు మాత్రం మా ఆయన కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సే దిక్కు. ఒకసారి బాబు జ్వరానికి రాసిన పరీక్ష కోసం అప్రూవల్ వచ్చేదాకా రెండు గంటలు కూర్చున్నాం. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానాన్ని ఆమోదించిందని చదవగానే నాకు ఆ కుర్చీలే గుర్తొచ్చాయి.

ఇకపై ఏటా కుటుంబానికి 2.5 లక్షల వరకు ఇన్సూరెన్స్ కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరిస్తాయట. ఇది మరీ కొత్తదేం కాదు. 2007లో రాజశేఖరరెడ్డి గారి హయాంలో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైనప్పుడూ ఇన్సూరెన్స్ కంపెనీయే ఉండేది. తర్వాత ట్రస్టే నేరుగా బిల్లులు కట్టసాగింది. పేర్లు మారాయి, పరిమితి పెరిగింది, బాకీలూ పెరిగాయి.

ఆ బాకీల సెగ అక్టోబరులో మాకూ తగిలింది. నాన్నగారికి గుండెనొప్పి వస్తే స్టెంటు వేయాలన్నారు. తమ్ముడు కార్డు చూపిస్తే, "బిల్లులు రావట్లేదు బాబూ, ఈ సేవలు ఆపేశాం. డబ్బు కడితే ఇప్పుడే చేస్తాం" అన్నారట. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. నేనే ఎక్స్ఛేంజికి పరుగెత్తాను. ఆసుపత్రిని తిట్టుకున్నాను గానీ, వాళ్ళు మాత్రం ఎన్ని నెలలు అప్పుమీద నడుపుతారు?

కంపెనీకి ప్రీమియం ముందే కడతారు కనుక ఆసుపత్రికి డబ్బు త్వరగా అందొచ్చు, ప్రభుత్వానికీ ఖర్చు ముందే తెలుస్తుంది. కానీ కాదన్న ప్రతి క్లెయిమూ కంపెనీకి మిగులే. మామూలు కేసుల్లో ఎక్కువభాగం ఆ 2.5 లక్షల లోపలివే. ట్రస్టుకు లాభాపేక్ష లేదు, ఖజానా కదిలితేనే చెల్లింపు. రెండింట్లోనూ ప్యాకేజీ రేటు మరీ తక్కువైతే ఆసుపత్రి నాణ్యత తగ్గిస్తుంది, లేదా పైన ఇంకొంత అడుగుతుంది. బీఎస్సీ చదివి ఇంట్లో ఉన్న నాకే తెలిసే లెక్క ఇది.

అందుకే 25 లక్షలన్న అంకె నన్ను కదిలించలేదు. ఆసుపత్రికి ఎన్ని రోజుల్లో డబ్బు కడతారు? కంపెనీ కాదంటే రోగి తరఫున ఎవరు, ఎన్ని గంటల్లో మాట్లాడతారు? ఇంకోటి, నాన్నగారు బీపీ మాత్రలు ఒక నెల వేసుకుని రెండు నెలలు మానేసేవారు. ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలో ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే స్టెంటు దాకా వచ్చేదా అనిపిస్తుంది.

నాన్నగారు ఇప్పుడు బాగానే నడుస్తున్నారు. కట్టిన డబ్బు కార్డు మీద తిరిగి వస్తుందేమోనని తమ్ముడు రెండుసార్లు వెళ్ళి అడిగాడు. రాదన్నారట.