లెన్సులకి నీళ్లు పడవు

పెళ్లిచూపులనగానే అమ్మాయి కళ్లజోడు తీయించి కాంటాక్ట్ లెన్సులు కొనిపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. (అబ్బాయి జోడు ఎవరికీ అడ్డురాదు, అది వేరే సంగతి!) సైటుందన్న మాట అవతలివాళ్లకి చెప్పరు. చిక్కంతా అక్కడే. అత్తారింట్లో ఎక్కడ బయటపడుతుందోనని ఆ పిల్ల లెన్సులతోనే నిద్రపోతుంది. అలా పడుకుంటే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం 6 నుంచి 8 రెట్లు ఎక్కువ. ఒకవేళ తీసినా, ఎవరూ చూడకుండా గబగబా కుళాయి కింద కడిగేస్తుంది.

మనకి శుభ్రమంటే నీళ్లే. లెన్సులకి మాత్రం నీళ్లు పడవు, కాచి చల్లార్చినవైనా సరే. కుళాయి నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్సుతోపాటు కంట్లో చేరితే కార్నియా పుండవుతుంది. నెలల తరబడి మందులు వేసినా చూపు దక్కకపోవచ్చు. కాబట్టి తలంటుకి ముందే తీసెయ్యాలి. చేతులు సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకున్నాకే ముట్టుకోవాలి. డబ్బాలో నిన్నటి సొల్యూషన్ పారబోసి కొత్తది పోయాలి. పాతదాంట్లోనే కాస్త కలపడం పొదుపు కాదు. డబ్బాని 3 నెలలకోసారైనా మార్చాలి. కన్ను ఎర్రబడి, నొప్పెట్టి, వెలుతురు చూడలేకపోతే లెన్సు తీసేసి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మందులషాపు చుక్కలతో సరిపెట్టుకోవద్దు.

పోనీ, లేజర్ చేయిద్దామా అంటారా? 18 ఏళ్లు నిండాలి, కనీసం ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి, కార్నియా మందం సరిపోవాలి. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి చేయరు. ముహూర్తం దగ్గరపడిందని తొందరపెట్టే పని కాదది.

లెన్సులే కావాలనుకుంటే సంబంధం మాట్లాడేప్పుడే సైటు సంగతి చెప్పెయ్యండి. అమ్మాయి పెట్టెలో కళ్లజోడు కూడా పెట్టి పంపండి.