ఇంట్లో చేసే పనికి కూలి ఉండదా?

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడితే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. అక్కడ అమ్ముడుపోయే స్టడీ మెటీరియల్‌ని దిద్దేదెవరో ఏ బోర్డూ చెప్పదు. అక్కడినుంచి పంజగుట్ట దాకా హాస్టళ్లలో, అద్దె గదుల్లో కూర్చుని ఆ పని చేస్తున్న స్త్రీలను నేను కలుస్తూనే ఉన్నాను. పేజీకింత అని లెక్క. ఒప్పందపత్రం ఉండదు. పుస్తకం మీద పేరుండదు. డబ్బెప్పుడొస్తుందో తెలీదు.

వీళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: నైపుణ్యం పెంచుకోండి! నైపుణ్యం లేనిదెవరికి? వాక్యాన్ని బిగించడం, పారిభాషిక పదాలు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉండేట్టు చూడడం, తేదీలూ అంకెలూ సరిచూడడం, అను ఫాంట్లనుంచి యూనికోడ్‌లోకి మార్చినప్పుడు చెదిరిన వత్తుల్ని సరిచేయడం - ఇవన్నీ ఏళ్లతరబడి పనిలోనే నేర్చుకున్నవి. అయినా దీన్ని 'కాస్త చూసిపెట్టడం' అంటారు. ఇంటిచాకిరీని పనిగా లెక్కించని చూపే ఇక్కడా ఉంది. "ఇంట్లో ఉండి చేసేదే కదా మేడమ్" అంటూ ఒక ప్రచురణకర్త నాకూ సగం డబ్బే ఇచ్చాడు.

మరి చట్టం? 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రూఫ్ రీడర్‌నీ లెక్కలోకి తీసుకుంది, కానీ పత్రికాసంస్థల్లో పనిచేస్తేనే. 2017లో 26 వారాలకు పెరిగిన ప్రసూతి సెలవు ఉద్యోగినులకే. ఇంటినుంచి పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను మన దేశం ఆమోదించనే లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న సంస్థల చట్టం ప్రకారం ఉద్యం నమోదు ఉంటే, డబ్బు 45 రోజులకు మించి ఆపినప్పుడు చక్రవడ్డీ అడగొచ్చు. దాన్ని తప్పక వాడుకుందాం. కానీ అక్కడ ఆమె శ్రామికురాలు కాదు, వ్యాపారి!

తెలంగాణ బీడీ కార్మిక స్త్రీలను చూడండి. వాళ్లదీ ఇంటిపనే, వెయ్యి బీడీలకింత అని లెక్క. ఇంట్లో బీడీలు చుట్టేవారిని 1966 నాటి చట్టం కార్మికులుగా గుర్తించింది. వాళ్లకు ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆకు కత్తిరించే చేతికున్న హక్కు అక్షరం దిద్దే చేతికెందుకుండదు? చదువుకున్నవాళ్లం, కూలీలం కామనే భ్రమే మనల్ని వాళ్లకు దూరం చేసింది.

అడగవలసినవి పెద్ద కోరికలేం కావు. పని మొదలవకముందే రాతపూర్వక ఒప్పందం, కొంత అడ్వాన్సు, ఎన్ని ప్రూఫులు చూడాలో ముందే స్పష్టత, పుస్తకంలో ఎడిటర్ పేరు, అందరం కలిసి నిర్ణయించుకున్న కనీస రేటు. రేటు అడిగితే పని ఇంకొకరికి పోతుందంటారు. నిజమే, ఒక్కరే అడిగితే పోతుంది. ఆ 'ఇంకొకరు' కూడా అదే రేటు చెప్పిన రోజున పని ఎక్కడికి పోతుంది?