పథ్యమనగా పస్తు కాదు

బాలింతకు పథ్యమను పేర ఆకుకూరలు, పండ్లు మాన్పించి, త్రాగు నీటిని సైతము కొలిచి యిచ్చు ఆచారము తెలుగునాట పెక్కు గృహములలో నేటికిని కలదు. పెద్దలు బిడ్డ మేలు కోరియే ఇట్లు చేయుదురు. కాని ఆ మేలునకే ఇది అడ్డగును.

తల్లి ప్రేగులలో ప్రవేశించిన రోగక్రిములను గుర్తించిన రక్షణ కణములు రక్తము ద్వారా స్తనములను చేరును. వాని వలన ఏర్పడు ప్రతిరక్షకములు పాలతో బిడ్డకు అందును. ముర్రుపాలలో ఇవి మిక్కుటము. పాలలోని కొన్ని చక్కెరలు బిడ్డకు జీర్ణము కావు. అవి బిడ్డ ప్రేగులలో మేలుచేయు బిఫిడస్ సూక్ష్మజీవులకు ఆహారము. ఈ జీవులను 1899లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే తల్లిపాలు త్రాగు శిశువుల మలమున కనుగొనెను.

తల్లికి తగిన ఆహారము లేనిచో పాలలో ఎ, బి12 విటమినులు తగ్గును. కూరలు, నీరు కొరవడినచో ఆమెకు మలబద్ధకము కలుగును.

పథ్యమనగా హితమైన ఆహారమని అర్థము. కావున కాన్పయిన గంటలోపుననే బిడ్డకు ముర్రుపాలు పట్టవలెను. ఆరు నెలల వరకు తేనె, నీరు వలదు, తల్లిపాలే చాలును. బాలింత విస్తరిలో పప్పు, ఆకుకూర, పెరుగు వడ్డింపవలెను. ఆమె ఆకలి తీర్చుటయే బిడ్డకు తొలి రక్ష.